క్లచ్ ఎన్నాళ్ళు మన్నుతుంది?

చెన్నై నగరానికి ఉత్తరాన, సముద్రతీరానికి దగ్గరగా ఉన్న పేట తొండియార్‌పేట. తొండి అనే ఊరినుండి వచ్చి ఇక్కడ నివసించిన సూఫీ కవి కుణంగుడి మస్తాన్ సాహిబును ప్రజలు ‘తొండియార్’ అని పిలిచేవారని, ఆ పేరు మీదుగానే ఈ పేటకు తొండియార్‌పేట అనే పేరు వచ్చిందని చెబుతారు. పేటకు దక్షిణాన రాయపురం, కాశిమేడు చేపల రేవు, ఆపైన చెన్నై ఓడరేవు ఉన్నాయి. ఉత్తరాన తిరువొత్తియూరు, ఎన్నూరు ఉన్నాయి. ఈ ప్రాంతంలో తమిళులతోపాటు తెలుగు కుటుంబాలు కూడా తరతరాలుగా నివసిస్తున్నాయి.

ఓడరేవు, చేపల రేవు, కర్మాగారాలు దగ్గరలోనే ఉన్నందువల్ల ఇక్కడి రోడ్లకు విశ్రాంతి లేదు. రేవులోకి పోయే కంటైనరు లారీలు ఎన్నూరు వైపు రోడ్ల మీద బారులు తీరి నిలబడతాయి. వాటి మధ్య చమురు ట్యాంకర్లు, బస్సులు, ఆటోలు దారి వెతుక్కుంటూ పోతాయి. 2021 ఫిబ్రవరిలో తొండియార్‌పేటకు మెట్రో రైలు వచ్చింది. మనుషులకు ఆ సౌకర్యం కలిగింది. కాని సరుకు మాత్రం నేటికీ రోడ్డు మీదనే సాగుతోంది.

ఆ సరుకును ఇరుకు వీధులలోకి చేర్చేవి చిన్న సరుకు బండ్లు. ఒకప్పుడు ఈ పని ఎడ్లబండ్లు, తోపుడు బండ్లు చేసేవి. టాటా సంస్థ 2005లో ‘ఏస్’ అనే చిన్న బండిని విడుదల చేసింది. దానిని తమిళులు ముద్దుగా ‘కుట్టి యానై’ అంటారు. అంటే ఏనుగు పిల్ల అని అర్థం. 1948లో ఎన్నూరులో మొదలైన అశోక్ మోటార్స్ తరువాత అశోక్ లేలండ్‌గా మారింది. ఆ సంస్థ 2011లో ‘దోస్త్’ అనే చిన్న బండిని తెచ్చింది. ఇటువంటి బండ్లనే పికప్ బండ్లు అంటారు. తెల్లవారుజామున కాశిమేడులో చేపల బుట్టలు ఎక్కించుకొనేవి, పగలంతా బియ్యం మూటలు, ఇనుప కమ్ములు, ఇంటి సామాన్లు మోసేవి ఇవే.

ఈ బండ్లలో చాలావాటిని సొంతదారులే నడుపుకొంటారు. కొందరు అప్పు చేసి బండి కొని, నెలనెలా వాయిదా కడుతూ ఉంటారు. బండి తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. బండి షెడ్డులో నిలిచిపోతే ఆ రోజు కిరాయి రాదు, పైగా మరమ్మతు ఖర్చు మీద పడుతుంది. ఇలా బండిని షెడ్డుకు చేర్చే కారణాలలో ముఖ్యమైనది క్లచ్ అరిగిపోవడం. అందుకే డ్రైవర్లు ఇద్దరు కలిసినచోట ఈ ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది: “క్లచ్ ప్లేటు ఎన్నాళ్ళు మన్నుతుంది?”

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందుగా క్లచ్ చేసే పని ఏమిటో తెలియాలి.

బండి ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. ఊరికే నిలబడి ఉన్నప్పుడు అది నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. అంతకంటే బాగా నెమ్మదిస్తే ఆగిపోతుంది. కాని ఆగి ఉన్న బండి చక్రాలు ఒక్క చుట్టు కూడా తిరగవు. తిరుగుతున్న ఇంజనును, తిరగని చక్రాలను ఒక్కసారిగా కలిపితే ఏమవుతుంది? బండి ఎగిరిపడుతుంది, లేదా ఇంజను ఆగిపోతుంది. అందువల్ల ఈ రెండింటినీ మెల్లమెల్లగా కలపడానికి, గేరు మార్చేటప్పుడు విడదీయడానికి మధ్యలో ఒక సాధనం కావాలి. ఆ సాధనమే క్లచ్.

కదులుతున్న ఎడ్లబండిని ఎక్కదలచినవాడు ఏమి చేస్తాడో ఊహించండి. నిలుచున్న చోటినుండి ఒక్క ఉదుటున పట్టుకొంటే పడిపోతాడు. బండి పక్కన నాలుగడుగులు పరుగెత్తి, తన వేగాన్ని బండి వేగంతో సమానం చేసుకొని, అప్పుడు ఎక్కుతాడు. క్లచ్ చేసే పని కూడా ఇటువంటిదే. వేగం లేనిదానికి వేగం నేర్పి, రెండింటినీ ఒకటిగా చేస్తుంది.

క్లచ్‌లో ముఖ్యమైన భాగాలు నాలుగు. మొదటిది ఫ్లైవీల్. ఇది ఇంజనుకు బిగించిన బరువైన ఇనుప చక్రం. రెండవది క్లచ్ ప్లేటు. ఇది గుండ్రని పళ్ళెంలా ఉంటుంది. దీనికి రెండు వైపులా గరుకైన పొరను రివెట్లతో బిగిస్తారు. ఈ ప్లేటు గేరుబాక్సుతో కలిసి తిరుగుతుంది. మూడవది ప్రెషర్ ప్లేటు. బలమైన స్ప్రింగు సహాయంతో ఇది క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పట్టి ఉంచుతుంది. నాలుగవది రిలీజ్ బేరింగు. డ్రైవరు పెడలు తొక్కినప్పుడు ఈ బేరింగు స్ప్రింగును నొక్కి, ఆ పట్టును విడిపిస్తుంది.

డ్రైవరు పెడలు మీదనుండి కాలు పూర్తిగా తీసివేసినప్పుడు ప్లేటు ఫ్లైవీల్‌కు గట్టిగా అంటుకొని, దానితో సమానంగా తిరుగుతుంది. ఆ స్థితిలో రెండింటికీ మధ్య రాపిడి కదలిక లేదు. కాబట్టి అరుగుదల కూడా లేదు. పెడలును పూర్తిగా తొక్కినప్పుడు ప్లేటు విడిపోతుంది. అప్పుడు కూడా ప్లేటు అరగదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న స్థితిలోనే ప్లేటు ఫ్లైవీల్‌ను రాచుకొంటూ జారుతుంది. దీనినే డ్రైవర్లు ‘హాఫ్ క్లచ్’ అంటారు. అరిచేతులు రెండూ గట్టిగా రుద్దితే వేడెక్కుతాయి కదా! అలాగే హాఫ్ క్లచ్‌లో ప్లేటు వేడెక్కుతుంది, అరుగుతుంది. క్లచ్ ఆయువంతా ఈ జారుడు క్షణాలలోనే ఖర్చవుతుంది.

ఎంత వేడి పుడుతుందో లెక్క వేసి చూడవచ్చు. చదునైన రోడ్డు మీద, ఇంజను వేగం మారకుండా ఉంచి బండిని కదిలిస్తే, బండికి ఎంత గతిశక్తి వస్తుందో దాదాపు అంతే శక్తి క్లచ్‌లో వేడిగా మారుతుంది. ద్రవ్యరాశిని వేగం వర్గంతో హెచ్చించి సగం చేస్తే గతిశక్తి వస్తుందని సామాన్యశాస్త్రంలో చదువుతారు. ఒక పికప్ బండి సరుకుతో కలిపి 2,000 కిలోగ్రాములు ఉందనుకోండి. మొదటి గేరులో క్లచ్ పూర్తిగా కలిసేసరికి దాని వేగం సెకనుకు 2 మీటర్లు, అంటే గంటకు 7 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ అనుకోండి. అప్పుడు క్లచ్‌లో పుట్టే వేడి 4,000 జౌళ్ళు.

అదే బండిని తొందరపడి రెండవ గేరులో కదిలించారనుకోండి. లేదా మొదటి గేరులోనే యాక్సిలరేటరు గట్టిగా తొక్కి ఇంజను వేగాన్ని రెట్టింపు చేశారనుకోండి. క్లచ్ కలిసేసరికి బండి వేగం సెకనుకు సుమారు 4 మీటర్లు కావాలి. వేగం రెండు రెట్లు కాగానే వేడి నాలుగు రెట్లయి 16,000 జౌళ్ళకు చేరుతుంది.

రద్దీ రోడ్ల మీద బండి రోజుకు 300 సార్లు ఆగి కదిలిందని అనుకొందాం. మొదటి పద్ధతిలో ఆ రోజు క్లచ్‌లో పుట్టిన వేడి 12 లక్షల జౌళ్ళు. దానితో నాలుగు లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవచ్చు. రెండవ పద్ధతిలో పుట్టే వేడి 48 లక్షల జౌళ్ళు. దానితో పదహారు లీటర్ల నీటిని ఆ స్థితికి తేవచ్చు. బండి ఒక్కటే, రోడ్డు ఒక్కటే, సరుకు ఒక్కటే. తేడా అంతా డ్రైవరు కాలులో ఉంది. పైగా ప్లేటు వేడెక్కిన కొద్దీ దాని అరుగుదల మరింత వేగంగా పెరుగుతుంది. ఒకసారి కదలడానికీ మరొకసారి కదలడానికీ నడుమ వ్యవధి ఉంటే ప్లేటు చల్లబడుతుంది. అడుగడుగునా ఆగే చోట దానికి ఆ వ్యవధి కూడా దొరకదు.

వంతెన ఎక్కే చోట పరిస్థితి ఇంకా కష్టం. ముందు లారీలు ఆగిపోతాయి. వెనక్కి జారకుండా ఉండడానికి కొందరు హ్యాండ్‌బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్‌తోనే బండిని ఎత్తు మీద నిలబెడతారు. అనుభవం ఉన్న డ్రైవర్లు దీనిని చూస్తే ఊరుకోరు.

“తమ్ముడూ, క్లచ్ మీద బండిని నిలబెట్టకురా. హ్యాండ్‌బ్రేకు వెయ్యి” అంటాడు పెద్ద డ్రైవరు.

“ఎంతసేపన్నా, అర నిమిషమే కదా!” అంటాడు కొత్తగా బండి పట్టినవాడు.

ఆ అర నిమిషం విలువ ఎంతో చూడండి. ప్రతి 20 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎత్తు పెరిగే వాలు మీద 2,000 కిలోగ్రాముల బండిని వెనక్కి లాగే బలం సుమారు 1,000 న్యూటన్లు. మొదటి గేరులో హాఫ్ క్లచ్‌తో దానిని ఆపి ఉంచితే, పైన చెప్పిన ఇంజను వేగం దగ్గర, సెకనుకు దాదాపు 2,000 జౌళ్ళ వేడి పుడుతుంది. అర నిమిషంలో 60,000 జౌళ్ళు. అంటే చదునైన రోడ్డు మీద పదిహేను సార్లు బండిని కదిలించినప్పుడు పుట్టే వేడి అంతా, బండి ఒక్క అడుగు కూడా ముందుకు పోకుండానే పుట్టింది! హ్యాండ్‌బ్రేకు వేసి, గేరును న్యూట్రల్‌కు తెచ్చి ఉంటే ఆ వేడి పుట్టేదే కాదు.

దీనిని బట్టి ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. క్లచ్ ఆయువును కిలోమీటర్లతో కొలవడం సరికాదు. బండి ఎన్నిసార్లు ఆగి కదిలింది, కదిలిన ప్రతిసారీ క్లచ్ ఎంతసేపు జారింది అన్నదే అసలు కొలత.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక బండి తొండియార్‌పేటనుండి సరుకుతో గుమ్మిడిపూండి, తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు మీదుగా నెల్లూరు పోయి తిరిగి వస్తుంది. పోను రాను సుమారు 350 కిలోమీటర్లు. పెద్ద రోడ్డు కాబట్టి దారిలో అది 50 సార్లు మాత్రమే ఆగి కదిలిందనుకొందాం. మరొక బండి రోజంతా తొండియార్‌పేట, కాశిమేడు, పాత వాషర్‌మన్‌పేట వీధులలోనే 30 కిలోమీటర్లు తిరిగి 300 సార్లు ఆగి కదిలిందనుకొందాం. ఈ రెండవ బండి కూడా 350 కిలోమీటర్లు తిరిగేసరికి 3,500 సార్లు ఆగి కదులుతుంది. ఒకే దూరానికి దాని క్లచ్ పడే శ్రమ మొదటి బండి క్లచ్ శ్రమకు డెబ్బై రెట్లు. స్ప్రింగులు, బేరింగులు వంటి ఇతర భాగాలు కూడా కాలక్రమంలో పాతబడతాయి కాబట్టి ఆయువులో తేడా సరిగ్గా డెబ్బై రెట్లు ఉండదు. అయినా ఒక డ్రైవరు “నా క్లచ్ ఇంకా కొత్తగానే ఉంది” అంటే, పక్కనున్న డ్రైవరు “నాది రెండోసారి మార్చాను” అనడానికి కారణం ఇదే.

సాధారణంగా క్లచ్ 50,000 కిలోమీటర్ల నుండి 1,50,000 కిలోమీటర్ల వరకు పనిచేస్తుందని చెబుతారు. పెద్ద రోడ్ల మీద జాగ్రత్తగా నడిపిన బండ్లలో రెండు లక్షల కిలోమీటర్లు దాటినా మన్నవచ్చు. మితిమీరిన బరువుతో, కాలు అదుపు లేకుండా నడిపితే కొన్ని వేల కిలోమీటర్లలోనే కాలిపోవచ్చు. కనుక “ఎన్నాళ్ళు?” అనే ప్రశ్నకు ఒకే అంకెతో జవాబు లేదు. “ఏ రోడ్డు మీద, ఎంత బరువుతో, ఏ విధంగా నడిపినది?” అని తిరిగి ప్రశ్నించడమే సరైన జవాబుకు మొదటి మెట్టు.

బరువు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బండి మొత్తం బరువు రెట్టింపయితే ప్రతి కదలికలో పుట్టే వేడి కూడా రెట్టింపవుతుంది. ఒక్క ట్రిప్పులో రెండు ట్రిప్పుల సరుకు వేస్తే డీజిలు కలిసి వస్తుందని కొందరు అనుకొంటారు. కాని ఆ మిగులును క్లచ్, టైర్లు, స్ప్రింగు పట్టీలు తినివేస్తాయి. బ్రేకులు పట్టక ప్రమాదాలు జరిగే అవకాశం కూడా ఉంది. అనుమతించిన బరువుకు మించి సరుకు వేయడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం కూడా.

మరొక చెడ్డ అలవాటు క్లచ్ పెడలు మీద కాలు ఆనించి నడపడం. కాలు బరువు కొంచెమే అయినా అది రిలీజ్ బేరింగును ఎడతెగకుండా తిప్పుతూ ఉంటుంది. ప్లేటు పట్టు కూడా సడలుతుంది. గేరు మార్చిన వెంటనే కాలును పక్కకు తీసివేయాలి. కేబులుతో పనిచేసే క్లచ్‌లో పెడలుకు మొదట కొంత వదులు ఉండాలి. దీనిని ‘ఫ్రీ ప్లే’ అంటారు. ప్లేటు అరిగే కొద్దీ ఈ వదులు తగ్గిపోతుంది. అది పూర్తిగా పోతే, కాలు తీసివేసినా క్లచ్ సగం తొక్కినట్లే ఉంటుంది. అందువల్ల బండితోపాటు ఇచ్చిన పుస్తకంలో చెప్పినంత వదులు ఉండేటట్లు మెకానిక్కుచేత అప్పుడప్పుడు సరిచేయించాలి. ఇంజను ఆయిలు సీలు పాడై ప్లేటు మీద నూనె పడినా పట్టు జారుతుంది. అటువంటప్పుడు ప్లేటు ఒక్కటే మార్చి సీలును వదిలివేస్తే కొత్త ప్లేటు కూడా త్వరలోనే పాడవుతుంది.

క్లచ్ ఒక్కరోజులో పాడవదు. ముందుగానే హెచ్చరికలు చేస్తుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజను శబ్దం పెరుగుతుంది కాని బండి వేగం పెరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఈ లోపం మొదట కనిపిస్తుంది. కమురు వాసన వస్తుంది. బండి కదిలేటప్పుడు వణుకుతుంది. పెడలు పూర్తిగా తొక్కినా గేరు పడక గరగరమంటే క్లచ్ సరిగా విడిపోవడం లేదని తెలుసుకోవాలి. పెడలు తొక్కగానే రొద వస్తే రిలీజ్ బేరింగును అనుమానించాలి.

ఈ గుర్తులు కనిపించినా “ఇంకొక వారం లాగుదాం” అని నడిపేవారున్నారు. ప్లేటు మీది పొర పూర్తిగా అరిగితే రివెట్ల తలలు బయటపడి ఫ్లైవీల్‌ను గీరుతాయి. అప్పుడు ప్లేటుతో పోయే ఖర్చు ఫ్లైవీల్‌ను లేతు మీద సానపట్టించడం వరకు, ఒక్కొక్కప్పుడు దానినే మార్చడం వరకు పోతుంది. అంతేకాదు, లోడుతో ఉన్న బండి రద్దీ రోడ్డు నడుమ కదలకుండా నిలిచిపోతే వెనుక వచ్చే వాహనాలకు కూడా ప్రమాదమే.

క్లచ్ మార్చడానికి మెకానిక్కు గేరుబాక్సును కిందికి దించాలి. ఈ పనిలో శ్రమ ఎక్కువ. అందుకే ఒకసారి దించినప్పుడే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడింటినీ సెట్టుగా మార్చడం మంచిదని మెకానిక్కులు చెబుతారు. ఒక్క బేరింగును పాతదే ఉంచి, అది కొద్ది నెలలకే పాడైతే మళ్ళీ గేరుబాక్సు దించవలసి వస్తుంది.

షెడ్డులలో పనిచేసేవారు గమనించవలసిన మరొక విషయం ఉంది. అరిగిన ప్లేటు పొడి క్లచ్ డబ్బాలో నల్లని దుమ్ముగా పేరుకొంటుంది. పూర్వం ఈ ప్లేట్ల పొరలలో ఆస్బెస్టాస్ అనే నారఖనిజాన్ని విరివిగా వాడేవారు. దాని దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే ఎన్నో ఏళ్ళ తరువాత కూడా క్యాన్సరు వంటి ప్రాణాంతకమైన జబ్బులు కలిగిస్తుంది. అందుచేత అనేక దేశాలు దానిని నిషేధించాయి. ఆస్బెస్టాస్ లేని ప్లేట్లు కూడా నేడు దొరుకుతున్నాయి. ఏ ప్లేటులో ఏముందో చూసి చెప్పలేము కాబట్టి ఆ దుమ్మును నోటితో గాని, గాలి పైపుతో గాని ఊదకూడదు. తడిగుడ్డతో తుడిచివేయాలి. ముక్కుకు సరైన మాస్కు పెట్టుకోవాలి. కొత్తగా పని నేర్చుకొనే కుర్రవాళ్ళకు ఈ విషయం మొదటి రోజే చెప్పాలి.

మంచి డ్రైవరు పాటించే నియమాలు కష్టమైనవేమీ కావు. ఆగి ఉన్న బండిని ఎప్పుడూ మొదటి గేరులోనే కదిలిస్తాడు. యాక్సిలరేటరును అవసరమైనంత మాత్రమే తొక్కుతాడు. ముందున్న లారీ జానెడు కదిలినప్పుడల్లా తానూ జానెడు కదలడు. కొంత చోటు ఏర్పడేదాకా ఆగి, ఒకేసారి ముందుకు పోతాడు. పదిసార్లు కదలవలసిన చోట మూడు సార్లతో సరిపెడతాడు. ఎత్తు మీద హ్యాండ్‌బ్రేకు వాడతాడు. సిగ్నలు దగ్గర గేరును న్యూట్రల్‌కు తెచ్చి కాలు తీసివేస్తాడు. అనుమతించిన బరువే వేస్తాడు. ఇందుకు కావలసింది డబ్బు కాదు, ఓర్పు మాత్రమే.

క్లచ్ అవసరం లేని సరుకు బండ్లు కూడా నేడు రోడ్ల మీదికి వస్తున్నాయి. ఏస్ బండిలో విద్యుత్తుతో నడిచే రకాన్ని టాటా సంస్థ 2022లో పరిచయం చేసింది. విద్యుత్ మోటారు ఆగి ఉన్న స్థితినుండే బలంగా లాగగలదు. కాబట్టి దానికి క్లచ్‌తో పనిలేదు. అయితే ఇంజను బండ్లు ఇంకా ఎన్నో రోడ్ల మీద ఉన్నాయి. వాటిని నమ్ముకొని ఎన్నో కుటుంబాలు బ్రతుకుతున్నాయి.

బండి కొనేటప్పుడు ఇద్దరికీ ఒకే క్లచ్ దొరుకుతుంది. తరువాత ఒకరిది ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, మరొకరిది నెలలలో కాలిపోతుంది. రోడ్డును, రద్దీని మార్చడం డ్రైవరు చేతిలో లేదు. హాఫ్ క్లచ్ సమయాన్ని తగ్గించడం మాత్రం అతని చేతిలోనే ఉంది. క్లచ్ పని తెలుసుకొని నడిపేవాడు షెడ్డులో గడిపే రోజులు తగ్గుతాయి. అలా మిగిలిన ప్రతి రోజు కిరాయీ అతని ఇంటికి చేరుతుంది.